పార్కు కింద, హంద్రీ కింద పాత మురుగు పైపులను బాగుచేయడం: సమగ్ర మార్గదర్శి

మురుగునీరు పల్లానికే పారుతుంది. అందుకే ఏ ఊర్లో చూసినా పెద్ద మురుగు పైపులు అన్నిటికంటే పల్లపు చోట్లనే సాగిపోతుంటాయి: వాగు ఒడ్డున, నది పక్కన, వరద భయానికి ఎవరూ ఇల్లు కట్టుకోక చివరకు పార్కుగా మిగిలిపోయిన నేలలో. కర్నూలు వంటి ఊరికి ఇది మరీ వర్తిస్తుంది. ఒక పక్క తుంగభద్ర, ఊళ్లోంచి వచ్చి దానిలో కలిసే హంద్రీ, ఆ హంద్రీ మీదుగా అక్విడక్టులో (కాలువను మోసే వంతెనలో) దాటే కె.సి. (కర్నూలు–కడప) కాలువ ఉన్న చోట, భూమి లోపల ఎంత నీరు ఉందన్నది నెలనెలకూ మారుతూ ఉంటుంది. పైపు పాతబడినప్పుడు ఆ మార్పే దాని జబ్బును బయటపెడుతుంది, ఆ మార్పే మరమ్మతుకు అడ్డం కూడా పడుతుంది.

కాబట్టి ఈ పనికి క్యాలెండరే మొదటి పనిముట్టు. జబ్బును వానాకాలంలో చూడాలి, వైద్యాన్ని ఎండాకాలంలో చేయాలి. చాలా చోట్ల దీనికి తలకిందులుగా జరుగుతుంది: మార్చిలో నిధులు వచ్చాయని ఏప్రిల్‌లో పరిశీలన మొదలుపెడతారు, పొడి నేలలో పైపు బాగానే కనిపిస్తుంది, టెండరు పిలిచి పని ప్రారంభించేసరికి జూలై వచ్చి గుంత నిండా నీళ్లు నిలుస్తాయి.

లెక్కల కోసం ఒక ఉదాహరణను చివరిదాకా వెంట ఉంచుకుందాం. 600 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ఆర్‌సీసీ (ఇనుప కడ్డీలు పెట్టిన కాంక్రీటు) పైపు, పార్కు కింద 300 మీటర్లు, హంద్రీ గర్భం కింద 120 మీటర్లు, వెనుక 30,000 మంది జనాభా. ఇది ఊహించుకున్న పైపే గాని, ఇలాంటిది ఎవరి ఊర్లోనైనా ఉండవచ్చు.

1. ముందుగా పైపు ఎక్కడుందో తేల్చుకోవడం

పాత నక్షా ఉంటే అదృష్టమే, కానీ దానిని నమ్మి తవ్వకూడదు. పైపు వేసిన తరువాత పార్కులో నడకదారి వేసి ఉంటారు, మట్టి పోసి ఎత్తు చేసి ఉంటారు, ఆ కింద మ్యాన్‌హోల్ మూతలు పూడిపోయి ఉంటాయి. చిన్న పైపుల మీద సాధారణంగా 30 మీటర్లకు ఒక మ్యాన్‌హోల్ ఉండాలి. అందువల్ల వరుసలో రెండు మూతల మధ్య 60 మీటర్లు వచ్చిందంటే మధ్యలో ఒకటి పూడిపోయిందని అనుమానించాలి. పైపులోకి పంపే కెమెరా వెనుక సిగ్నల్ ఇచ్చే చిన్న పరికరాన్ని కట్టి, నేల మీద రిసీవర్‌తో దాని వెంట నడిస్తే పైపు దారి, లోతు రెండూ తెలుస్తాయి. ఆ లైను మీద పాతికేళ్లు పనిచేసి రిటైరైన ఫిట్టరును ఒక పూట పిలిపించుకుంటే, పరికరం చెప్పని సంగతులు కూడా తెలుస్తాయి.

ప్రతి మ్యాన్‌హోల్‌లో పైపు అడుగు మట్టాన్ని లెవెల్ పరికరంతో తీసి రాసుకోవాలి. నదికి రెండు ఒడ్డుల మట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే, పైపు నేరుగా వాలుగా దాటుతోందా, లేక కిందికి దిగి మళ్లీ పైకి లేచే సైఫన్‌గా ఉందా అన్నది తేలిపోతుంది. ఈ తేడా మీదే తరువాతి నిర్ణయాలన్నీ ఆధారపడతాయి. సైఫన్‌లో నీరు ఎప్పుడూ నిండుగా నిలిచి ఉంటుంది కాబట్టి మామూలు కెమెరా అక్కడ ఏమీ చూడలేదు.

పార్కులో తాగునీటి పైపు దగ్గరలో ఉందా అన్నది కూడా ఈ దశలోనే చూసుకోవాలి. కారే మురుగు పైపు పక్కన తాగునీటి పైపు ఉంటే, సరఫరా ఆగిన గంటల్లో ఆ పైపులో ఒత్తిడి పడిపోయి, చుట్టూ ఉన్న మురుగును అది లోపలికి పీల్చుకునే ప్రమాదం ఉంది. అలాంటి ముక్కను జాబితాలో అన్నిటికంటే ముందు పెట్టాలి.

2. వానాకాలపు కొలత

పాత పైపు రెండు విధాలుగా ద్రోహం చేస్తుంది. భూగర్భ జలమట్టం పైపు కంటే పైన ఉన్నప్పుడు ఊటనీరు కీళ్ల సందుల్లోంచి లోపలికి వచ్చి, శుద్ధి కేంద్రానికి అనవసరపు భారమవుతుంది. మట్టం పైపు కిందికి దిగినప్పుడు అదే సందుల్లోంచి మురుగు బయటకు కారి నది ఇసుకలో కలుస్తుంది. రెండోది ఎవరి కంటా పడదు. మొదటిదాన్ని మాత్రం కొలవవచ్చు, దానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

తెల్లవారుజామున 2 నుంచి 4 గంటల మధ్య ఊరు నిద్రలో ఉంటుంది, కుళాయిలు కట్టి ఉంటాయి. ఆ సమయంలో పైపులో పారేదానిలో ఎక్కువ భాగం ఊటనీరే. దిగువ మ్యాన్‌హోల్‌లో 90 డిగ్రీల వీ ఆకారపు నాచ్ (గంటు) కోసిన పలకను అమర్చి, దాని వెనుక నీటి ఎత్తును కొలిస్తే ప్రవాహం లెక్కకు వస్తుంది. నాచ్ అంచు మీద నీరు 11.5 సెం.మీ. ఎత్తున పారితే సెకనుకు సుమారు 6 లీటర్లు, 18 సెం.మీ. ఎత్తున పారితే సుమారు 19 లీటర్లు. ఎత్తు ఆరున్నర సెంటీమీటర్లు పెరిగితే ప్రవాహం మూడింతలైంది. కనుక స్కేలు చదవడంలో అర సెంటీమీటరు పొరపాటు కూడా చిన్నది కాదు. మన ఉదాహరణలో ఏప్రిల్ రాత్రి 6 లీటర్లు, సెప్టెంబరు రాత్రి 19 లీటర్లు వచ్చాయనుకుంటే, తేడా సెకనుకు 13 లీటర్లు, అంటే రోజుకు 11 లక్షల లీటర్లకు పైమాటే.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. వాన పడుతున్న రాత్రి కొలిస్తే, మిద్దెల మీది నీళ్లను అక్రమంగా మురుగు పైపులోకి కలిపినవారి వాటా కూడా ఇందులో చేరుతుంది. వాన వెలిసిన రెండు మూడు రోజుల తరువాత, నేల మాత్రం ఇంకా నానే ఉన్నప్పుడు కొలిస్తే ఊట లెక్క శుద్ధంగా వస్తుంది. ఒక్కొక్క మ్యాన్‌హోల్ దగ్గర కొలుచుకుంటూ ఎగువకు పోతే, ఏ రెండింటి మధ్య ప్రవాహం హఠాత్తుగా పెరిగిందో అక్కడే లోపం ఉంటుంది. నదీ పరిసరాల్లో కె.సి. కాలువలో నీరు పారే రోజులను, కట్టేసిన రోజులను విడివిడిగా రాసుకోవాలి. కాలువ ఊట వల్ల పరిసరాల జలమట్టం పెరుగుతుంది, అది వాన లెక్కలో పడి తప్పుదారి పట్టించవచ్చు.

ఎండాకాలపు కారుడును పట్టుకోవాలంటే ఎగువ మ్యాన్‌హోల్‌లో ఫ్లోరెసీన్ అనే పచ్చటి హానిరహితమైన రంగును వేసి, నదిలో నిలిచిన మడుగుల్లో అది ఎక్కడైనా తేలుతుందేమో చూడవచ్చు. తేలకపోయినంత మాత్రాన పైపు బాగుందని కాదు. ఇసుక పొరల్లోంచి రంగు బయటకు రావడానికి రోజులు పట్టవచ్చు. అందుకే పైపుకు ఎగువన, దిగువన నదినీటిలో అమ్మోనియా, విద్యుద్వాహకత పరీక్షలు కూడా చేయించడం మంచిది.

3. మనిషిని దింపకూడదు

ఈ అడుగు మిగతావాటిలా ఐచ్ఛికం కాదు. మాన్యువల్ స్కావెంజింగును నిషేధిస్తూ 2013లో వచ్చిన చట్టం 7వ సెక్షను ప్రకారం మురుగు కాలువల, సెప్టిక్ ట్యాంకుల ప్రమాదకర శుభ్రత కోసం మనుషులను పనిలో పెట్టడం నేరం. మురుగు పనిలో మరణించిన వారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న తీర్పునిచ్చింది.

శుభ్రత యంత్రంతోనే జరగాలి. లైనింగు (పాత పైపు లోపల కొత్త పొర వేయడం), తనిఖీ వంటి పనులకు శిక్షణ పొందినవారు తప్పనిసరిగా దిగవలసి వస్తే, ముందు గ్యాస్ మీటరును తాడు కట్టి దింపి మూడు ఎత్తుల్లో రీడింగు తీయాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు. మీథేన్ గాలిలో 5 శాతానికి చేరితే నిప్పు రవ్వ చాలు. హైడ్రోజన్ సల్ఫైడు గురించి మాత్రం కొంచెం ఎక్కువగా చెప్పుకోవాలి. కొద్ది మోతాదులో అది కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 100) దాటితే నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారి వాసన ఆగిపోతుంది. ‘వాసన పోయింది, ఇక దిగవచ్చు’ అని మేస్త్రీ అన్న క్షణమే అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం. బురదను కదిలిస్తే అందులో బంధించి ఉన్న గ్యాస్ ఒక్కసారిగా లేస్తుంది కాబట్టి, రీడింగు ఒకసారి తీసి ఊరుకోకుండా మీటరును మనిషి నడుముకే కట్టి ఉంచాలి. మూడు కాళ్ల స్టాండు, విన్చి, పైన ఇద్దరు కాపలా లేనిదే మూత తెరవకూడదు.

4. పూడిక తీసి కెమెరా పంపడం

నీటిని ఒత్తిడితో చిమ్మే జెట్టింగ్ యంత్రంతో దిగువ నుంచి ఎగువకు కడుగుతూ పోవాలి. రాలిన పూడికను దిగువ మ్యాన్‌హోల్ దగ్గరే సక్షన్ యంత్రంతో పైకి తీసేయాలి, ముందుకు నెట్టి వదిలేస్తే అది సైఫన్ అడుగున చేరి కూర్చుంటుంది. పాత పైపు కాబట్టి నీటి పీడనాన్ని తక్కువతో మొదలుపెట్టాలి. పగిలిన చోట నాజిల్‌ను నిలిపి ఉంచితే వెనుక ఉన్న మట్టి కోసుకుపోయి, పార్కులో గడ్డి కింద డొల్ల ఏర్పడుతుంది.

కెమెరా నిమిషానికి 9 మీటర్లకు మించి పోకూడదు. ప్రతి కీలు దగ్గర ఆగి, తల తిప్పి చుట్టూ చూపించాలి. లోపం ఎక్కడుందో గడియారం ముల్లు లెక్కలో రాస్తారు: 12 అంటే పైపు నెత్తి, 6 అంటే అడుగు. దూరం కొలిచే కౌంటరును మ్యాన్‌హోల్ గోడ దగ్గర, పైపు నోట్లోనే సున్నా చేయాలి. ఒకచోట నేను చూసిన వీడియోలో 62వ మీటరు దగ్గర పగులు స్పష్టంగా కనిపించింది. గుర్తు పెట్టిన చోట తవ్వితే మంచి పైపు బయటపడింది. కౌంటరును నేల మీదున్న కేబుల్ చక్రం దగ్గరే సున్నా చేశారని, మ్యాన్‌హోల్ లోతంతా దూరంలో కలిసిపోయిందని తరువాత తేలింది. ఆ తవ్వకంలో ఒక కానుగ చెట్టు వేళ్లు సగం పోయాయి.

వీడియోలో మూడు రకాల దృశ్యాలను విడదీసి చూడాలి.

మొదటిది నెత్తి తినేయడం. మురుగులోని జిగురు పొరలో బతికే సూక్ష్మజీవులు సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తాయి. ఆ వాయువు పైకి లేచి తడిగా ఉన్న పైపు నెత్తికి అంటుకుంటుంది. అక్కడ వేరే రకం సూక్ష్మజీవులు దానిని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లానికి కాంక్రీటులోని సిమెంటు సుద్దలా మారి రాలిపోతుంది. కెమెరాలో మొదట కంకర గుండ్లు పళ్లలా పొడుచుకొచ్చి కనిపిస్తాయి, ఆ తరువాత తుప్పు గీతలు, చివరికి ఇనుప కడ్డీ. నీటి గీత కిందున్న సగం మాత్రం కొత్తదానిలా నునుపుగా ఉంటుంది. చిత్రమేమిటంటే, ఎప్పుడూ నిండుగా ఉండే సైఫన్‌లో ఈ తినివేత ఉండదు. సైఫన్ నుంచి నీరు ఎగసిపడే అవతలి ఒడ్డు మ్యాన్‌హోల్‌లో మాత్రం దారుణంగా ఉంటుంది. అక్కడ నీరు సుడులు తిరిగి వాయువంతా ఒకేచోట బయటపడుతుంది.

రెండోది కీళ్లు కదలడం. నల్లరేగడి నేల వేసవిలో బీటలు తీసి కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది. ఏటా జరిగే ఈ కదలికకు సిమెంటుతో గట్టిగా బిగించిన పాత కీళ్లు తట్టుకోలేవు. ఆ సందులోంచే వేళ్లు దూరుతాయి. వేసవిలో కూడా తేమ ఉండే చోటు అదొక్కటే కాబట్టి రావి, వేప వంటి చెట్ల వేళ్లు వెతుక్కుంటూ వస్తాయి, తప్పు చెట్టుది కాదు. మూడోది కుంగుడు: పైపు మధ్యలో దిగిపోయి, కెమెరా కాసేపు నీళ్లలో మునిగి మళ్లీ తేలుతుంది. తినివేతను, కీళ్లను లైనరుతో సరిచేయవచ్చు గాని, కుంగుడును సరిచేయలేము. లైనరు పాత పైపు రూపాన్నే అనుసరిస్తుంది, గుంత గుంతగానే ఉంటుంది. దానికి ఆ ముక్క వరకు తవ్వక తప్పదు.

5. పద్ధతిని ఎంచుకోవడం

పైపు లోపలే కొత్త పైపును గట్టిపరిచే పద్ధతిని 1971లో లండన్‌లో ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు మొదటిసారి అమలు చేశాడు. రెజిన్ అనే గట్టిపడే జిగురులో నానబెట్టిన మెత్తటి గొట్టాన్ని, అంటే లైనరును, పాత పైపులోకి పంపి, వేడితోగాని అతినీలలోహిత కాంతితోగాని గట్టిపరుస్తారు. మ్యాన్‌హోల్ నుంచే పని జరుగుతుంది, పార్కులో గుంత తవ్వనక్కర్లేదు. దీనికి పోటీగా నిలిచేది పాత పైపులోకి చిన్న హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపును దూర్చి, మధ్య ఖాళీని గ్రౌటుతో (పల్చటి సిమెంటు ముద్దతో) నింపే పద్ధతి. ఇది చౌక, స్థానికంగా పనివాళ్లు దొరుకుతారు, కానీ పైపు చిన్నబడుతుంది.

ఎంత చిన్నబడుతుందో అంకెల్లో చూడాలి. 600 మి.మీ. పైపులో 12 మి.మీ. మందం లైనరు వేస్తే లోపలి వ్యాసం 576 మి.మీ. అవుతుంది. అయినా గరుకైన పాత కాంక్రీటు స్థానంలో నున్నటి గోడ వస్తుంది కాబట్టి, గోడ గరుకుదనాన్ని తెలిపే మ్యానింగ్ గుణకం 0.015 నుంచి 0.011కు తగ్గిందనుకుంటే, మోసే సామర్థ్యం తగ్గకపోగా సుమారు 22 శాతం పెరుగుతుంది. అదే పైపులోకి 500 మి.మీ. బయటి వ్యాసం, 30 మి.మీ. గోడ ఉన్న హెచ్‌డీపీఈ పైపును దూరిస్తే, లోపలి వ్యాసం 440కి దిగి, నునుపును లెక్కలో కలిపినా సామర్థ్యం 40 శాతం పోతుంది. పాత పైపు ఇప్పటికే సగం ఖాళీగా పారుతుంటే ఆ నష్టాన్ని భరించవచ్చు. పెరుగుతున్న కాలనీల కింద అయితే ఆ చౌక ఐదేళ్లకే భారమవుతుంది.

పార్కులోకి వచ్చి కలిసే 150, 200 మి.మీ. స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) కొమ్మ పైపులకు, పాతదాన్ని లోపలి నుంచి పగలగొడుతూ వెనుకే కొత్త పైపును లాక్కుపోయే పద్ధతి చక్కగా సరిపోతుంది. స్టోన్‌వేర్ పెంకులా పగులుతుంది. ఆర్‌సీసీ మాత్రం కడ్డీల వల్ల అంత తేలికగా లొంగదు. నది గర్భం కింద ఈ పద్ధతి వద్దని నా గట్టి అభిప్రాయం. చుట్టూ ఉన్న ఇసుకను పక్కకు నెట్టే ఏ పనైనా పైన కప్పు తక్కువున్న చోట నేలను ఉబికిస్తుంది, నీటికి కొత్త దారి చూపిస్తుంది. నది కింది పైపు ఇప్పటికే కూలి ఉంటే, దానిని అలాగే గ్రౌటుతో మూసేసి, పక్కన లోతుగా అడ్డంగా డ్రిల్లింగు చేసి కొత్త పైపు లాగడమే దారి. అయితే ఆ కింద సున్నపురాయి పలకలున్నాయా, ఇసుకేనా అన్నది బోరు వేసి చూడకుండా డ్రిల్లింగుకు ధర ఒప్పుకోకూడదు.

లైనరు మందాన్ని నిర్ణయించేటప్పుడు బయటి నీటి ఒత్తిడే ముఖ్యం. ఒక్కో మీటరు నీటికి 9.81 కిలోపాస్కల్ ఒత్తిడి. పైపు నది అడుగుకు 3 మీటర్ల లోతున ఉండి, పైన వేసవిలో మీటరు నీరుంటే 39 కిలోపాస్కల్ మాత్రమే, వరదలో 9 మీటర్లు పారితే 118. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన సంగతి ఊరు మరువలేదు, డిజైను కాగితం కూడా మరువకూడదు. వేసవిలో తీసిన జలమట్టంతో మందం లెక్కకట్టి తెచ్చిన డ్రాయింగును తిప్పి పంపాలి. కాంక్రీటు కడ్డీ బయటపడిన ముక్కల్లో పాత పైపు బలం సున్నా అనుకుని, మట్టి బరువు మొత్తం లైనరు మీదే వేసి లెక్కించాలి.

6. అనుమతులు, కాలం

జనవరి నుంచి మే మధ్య వరకు ఉన్న కాలమే పనికి అనువైనది. నదిలో పనికి జలవనరుల శాఖ అనుమతి, చెట్టు కొట్టవలసి వస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి, పార్కుకు నగరపాలక సంస్థ ఉద్యాన విభాగం అంగీకారం తీసుకోవాలి. వీటికి నెలలు పడతాయి కాబట్టి దరఖాస్తులను దసరాలోపే పెట్టాలి. హంద్రీ మీద ఎగువన గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది. దాని గేట్లు ఎప్పుడైనా ఎత్తే అవకాశం ఉంటే ముందుగా కబురు అందేలా అక్కడి సిబ్బందితో ఫోను ఏర్పాటు చేసుకోవాలి. నది ఎండిపోయి కనిపిస్తోంది కదా అని ఇసుకలో పంపు వదిలి రాత్రి ఇంటికి పోయినవాళ్లు తెల్లారేసరికి దాన్ని వెతుక్కోవలసి వస్తుంది.

7. మురుగును దారి మళ్లించడం

పని జరిగే గంటల్లో ఊరు స్నానాలు మానదు. మన 30,000 మందికి తలకు రోజుకు 135 లీటర్ల నీరు, అందులో 80 శాతం మురుగుగా వస్తుందనుకుంటే, సగటున సెకనుకు 37.5 లీటర్లు. ఈ జనాభాకు గరిష్ఠ గుణకం (సగటుకు ఉధృతి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 2.5 కాబట్టి ఉదయపు ఉధృతి సుమారు 94 లీటర్లు. పంపు ఆ 94కు సరిపడాలి, సగటుకు కాదు. అంతే సామర్థ్యం ఉన్న రెండో పంపు నూనె పోసి సిద్ధంగా పక్కనే ఉండాలి, గోడౌనులో కాదు. ఎగువ మ్యాన్‌హోల్‌లో గాలి బెలూను ప్లగ్గు బిగించి, దానిని గొలుసుతో పైనున్న దూలానికి కట్టాలి. ప్లగ్గు జారితే దిగువన ఉన్న మనిషికి తప్పించుకునే వ్యవధి ఉండదు.

దారి మళ్లించే గొట్టాన్ని నది ఇసుక మీద పరచకుండా, వీలైనంతవరకు వంతెన పక్కగా తీసుకుపోవాలి. కీలు ఒకటి ఊడితే మురుగంతా నేరుగా నదిలోకే పోతుంది.

8. పార్కులో లైనరు వేయడం

రెజిన్ నానబెట్టిన లైనరుకు వేడే శత్రువు. కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. లారీలోనే రెజిన్ గట్టిపడటం మొదలైతే ఆ గొట్టం ఇక దేనికీ పనికిరాదు. దానిని చల్లటి వాహనంలో, మంచు మధ్య తెచ్చి, రాత్రి 10 తరువాత పైపులోకి దించి, తెల్లవారేలోపు గట్టిపరచడం మేలు. రాత్రిపూట మురుగు ప్రవాహం కూడా తక్కువే కాబట్టి పంపుల మీద భారం తగ్గుతుంది.

వేడినీటితో గట్టిపరచినప్పుడు, నీటి ఒత్తిడి తీసేముందు లోపలి వేడి 38 డిగ్రీలకు దిగాలన్నది నియమం. తొందరపడి వేడిగా ఉండగానే ఒత్తిడి తీస్తే లైనరు కుంచించుకుని ముడతలు పడుతుంది. మన వేసవిలో ట్యాంకరు నీరు ఎండలో నిలబడితే అదే 38 దగ్గర ఉంటుంది, దానితో చల్లార్చడం జరగని పని. అందుకని చల్లార్చే నీటిని ముందురోజు రాత్రే నింపి, గోనెసంచులు తడిపి కప్పి నీడలో ఉంచాలి. లైనరును గట్టిపరచిన నీటిలో, రెజిన్ నుంచి వచ్చే స్టైరీన్ అనే రసాయనం కరిగి ఉంటుంది. ఘాటైన ప్లాస్టిక్ వాసన దానిదే. ఆ నీటిని నదిలోకిగాని పార్కు మట్టిలోకిగాని వదలకుండా ట్యాంకరులో పట్టి, శుద్ధి కేంద్రం వారితో మాట్లాడి అక్కడికే పంపాలి. తెల్లవారుజామున నడకకు వచ్చేవారికి ఆ వాసన తగలకుండా ఆ రెండు రోజులు గేటు మూసి, కారణం రాసి పెడితే ఫిర్యాదులు రావు.

గట్టిపడ్డాక, కొమ్మ పైపుల నోళ్లను లోపలి నుంచి రోబో కట్టరుతో తెరవాలి. ముందే కెమెరాలో వాటి దూరాలను, గడియారపు స్థానాలను రాసుకుని ఉండకపోతే, పార్కు మరుగుదొడ్డి నీరు మరునాడు ఎదురెక్కి వస్తుంది. లైనరు చివర నుంచి ఒక ముక్క కోసి ప్రయోగశాలకు పంపాలి. వంపు పరీక్షలో బలం 31 మెగాపాస్కల్, దృఢత్వ గుణకం 1,724 మెగాపాస్కల్ కంటే తక్కువ వస్తే బిల్లు ఆపాలి. వేళ్లు దూరిన చోట వాటిని కట్టరుతో కోస్తే చాలు, మందులు పోసి చెట్టును చంపనక్కర్లేదు. లైనరుకు కీళ్లు ఉండవు కాబట్టి వేళ్లకు మళ్లీ దారి దొరకదు.

9. నది కింది ముక్క

అన్నిటికంటే మొదట పైపు మీద ఎంత కప్పు మిగిలిందో చూడాలి. ఇసుక తవ్వకాల వల్ల, వరద కోత వల్ల ఒకప్పుడు రెండు మీటర్లున్న కప్పు జానెడు మిగిలి ఉండవచ్చు. ఇది ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చెబుతుంది. 600 మి.మీ. పైపు గోడ 80 మి.మీ. అనుకుంటే, మీటరు పొడవు పైపు పక్కకు నెట్టే నీటి బరువు సుమారు 454 కిలోలు, కాంక్రీటు బరువు సుమారు 410 కిలోలు. అంటే మనం మురుగును మళ్లించి పైపును ఖాళీ చేసిన రోజున, పైన ఇసుక లేకపోతే, ఆ బరువైన కాంక్రీటు పైపు కూడా తేలాలని చూస్తుంది. కప్పు తక్కువున్న చోట ముందుగా రాతిని తీగ బుట్టల్లో పేర్చి బరువు వేసి, ఆ తరువాతే ఖాళీ చేయాలి.

సైఫన్‌లో సాధారణంగా రెండు మూడు పైపులు పక్కపక్కన ఉంటాయి. ఒకదాన్ని మూసి బాగుచేస్తూ మిగతావాటిలో మురుగును పారించాలి. ఆ పైపుల్లో వేగం సెకనుకు ఒక మీటరుకు తగ్గకుండా చూడాలి, తగ్గితే ఇసుక అడుగున కూర్చుంటుంది. వ్యాసం తగ్గించే పద్ధతి ఇక్కడ మాత్రం ఒక్కోసారి మేలే చేస్తుంది, ఎందుకంటే సన్నటి పైపులో నీరు వేగంగా పారుతుంది.

హెచ్‌డీపీఈ దూర్చి గ్రౌటు పోసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. 500 మి.మీ. పైపు మీటరుకు 42 కిలోల బరువుంటుంది. చుట్టూ ఘనమీటరుకు 1,500 కిలోల గ్రౌటు పోస్తే అది పైపును దాదాపు 295 కిలోల బలంతో పైకి నెడుతుంది. పైపు నిండా నీళ్లు నింపినా మొత్తం 194 కిలోలే. ఇంకా తేలుతుంది, పైనున్న పాత పైపు నెత్తికి అతుక్కుని, వాలు చెడిపోతుంది. కాబట్టి నీళ్లు నింపి, ఆనింపు కట్టలు పెట్టి, గ్రౌటును మూడు విడతలుగా పోయాలి. ఒక విడత గట్టిపడ్డాకే రెండోది.

10. మ్యాన్‌హోళ్లు, పరీక్ష, గుర్తులు

పైపును కొత్తది చేసి మ్యాన్‌హోల్‌ను అలాగే వదిలేస్తే, పైపులోకి దారి మూసుకున్న ఊట పక్కనున్న ఇటుక గోడలోంచి వస్తుంది. గోడ సందుల్లోకి గ్రౌటు ఎక్కించి, ఆమ్లానికి తట్టుకునే పూత వేయాలి. నది ఒడ్డున ఉన్న మూతలను వరదమట్టానికి పైకి లేపాలి. అలా లేపడం కుదరకపోతే రబ్బరు వేసి బోల్టులతో బిగించే మూతలు పెట్టాలి. మామూలు మూత వరదలో ఒక తూములాగే పనిచేస్తుంది.

మళ్లీ కెమెరా పంపి, మొదటి వీడియోతో పక్కపక్కన పెట్టి చూడాలి. గాలి ఒత్తిడి పరీక్ష కూడా చేయవచ్చు గాని, నా దృష్టిలో అసలు పరీక్ష తరువాతి సెప్టెంబరులోనే జరుగుతుంది: అదే మ్యాన్‌హోల్, అదే నాచ్ పలక, వాన వెలిసిన మూడో రాత్రి, అదే తెల్లవారుజాము. 18 సెం.మీ. చూపిన చోట నీరు 12కు దిగకపోతే కాంట్రాక్టరు డిపాజిట్టు తిరిగి ఇవ్వవద్దు. ఈ షరతును టెండరులోనే రాసుకోవాలి, తరువాత అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

చివరగా, నదికి రెండు ఒడ్డుల మీద, పైపు దాటే గీతకు సరిగ్గా ఎదురెదురుగా ఒక్కో కడప బండను నిలువుగా పాతించాలి. దాని మీద పైపు వ్యాసం, అడుగు మట్టం, పని పూర్తయిన సంవత్సరం చెక్కించి, ఈ రెండు బండల మధ్య గీతకు ఇరువైపులా ఇసుక తీయరాదని రాయించాలి. ఒండ్రులో కూరుకుపోకుండా బండ కనీసం ఒక మీటరు నేల మీద కనబడేలా ఉండాలి.